మొలతాడు చెప్పిన తూకం

నా చిన్నప్పుడు తెలివి కంటే ఆకలే నాకు ముందు పుట్టిందని మా ఇంట్లో అనేవారు. అప్పట్లో ఒప్పుకోలేదు గానీ ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పదేళ్ల వయసులో మా తాతయ్య నాకు చీమల గురించి ఒక మాట చెప్పాడు. అందులోని మోసం ఏ పిల్లవాడైనా ఇట్టే పట్టుకునేంత పెద్దది. నేను మాత్రం దాన్ని పట్టుకునేసరికి బడి, కాలేజీ, ఉద్యోగం, పెళ్లి అన్నీ అయిపోయాయి. ఒక ఆదివారం పొద్దున బట్టలు మడతపెడుతూ ఉన్నట్టుండి "అరె!" అన్నాను. ఏమైందని మా ఆవిడ అడిగింది. "చీమలు" అన్నాను. పాపం, ఆమె ఇల్లంతా వెతికింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము ఖమ్మంలో ఉండేవాళ్లం. నాన్నది ఆఫీసు ఉద్యోగం. అమ్మ పుట్టిల్లు టేకులపల్లి దాటిపోయాక అడవి అంచున ఉన్న చిన్న ఊరు. నేను నెలలు నిండకుండానే, పిల్లికూనంత బరువుతో పుట్టానట. బతుకుతానని ఎవరికీ నమ్మకం లేదు. అప్పుడు మా అమ్మమ్మ, ఆ అడవిలో ఉన్న సమ్మక్క సారలమ్మ గద్దెల వైపు తిరిగి కొంగు చాపి మొక్కుకుంది. పిల్లవాడు బతికి బట్టకడితే వాడి ఎత్తు బంగారం ఇస్తానని, వాడే మా ఊరి నుంచి సొంత కాళ్ల మీద నడిచివచ్చి ఇస్తాడని. బంగారం అనగానే మీరు ఉలిక్కిపడకండి. మా వైపు గద్దెల దగ్గర బెల్లాన్ని బెల్లం అనరు, బంగారమే అంటారు. మనిషిని కాంటాలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం పేర్చి, సరితూగినంత తల్లులకు సమర్పిస్తారు.

నేను బతికాను. బట్ట కూడా కట్టాను. ఆ తరువాత కట్టిన ప్రతి బట్టా ఆరు నెలలు తిరక్కుండానే బిగుతైపోయింది. దానికి కారణం నా తిండి మాత్రమే అంటే అన్యాయం. మా వాళ్ల ప్రేమ కూడా. నేను ఎంత పెరిగినా మా అమ్మ కళ్లకు ఆ పిల్లికూనే కనిపించేది. అందుకని ఆ పిల్లికూనకు పెడుతూనే ఉండేది. బడికి ఆటోలో వెళ్లేవాణ్ణి, ఆటోలో వచ్చేవాణ్ణి. దిగగానే బేకరీ పఫ్, ఆ తరువాత టీవీలో బొమ్మల సినిమా, ఒళ్లో చిప్స్ పొట్లం. బయట పిల్లలు ఆడుకుంటుంటే కిటికీలోంచి చూసేవాణ్ణి, అదీ ప్రకటనలు వచ్చినప్పుడు. ఎవరైనా "మీవాడు బొద్దుగా ఉన్నాడే" అంటే అమ్మ ఆ సాయంత్రం దిష్టి తీసేది. తీసిన దిష్టి పోయేది. బొద్దు మాత్రం ఎక్కడికీ పోయేది కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి మొక్కు తీర్చబోయారు. బెల్లం ఎడ్లబండి మీద, నేను నేల మీద. ఊరు దాటి, వాగు దాటి, గుట్ట ఎక్కుడు మొదలయ్యేచోట ఒక నల్ల బండరాయి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి నా ఊపిరి నాకంటే ముందే ఇంటికి వెళ్లిపోయింది. ఆ రాయి మీద కూలబడి ఇక లేవలేదు. ఎవరో మోటారు సైకిల్ మీద ఎక్కించుకుపోతామన్నారు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. నడిచివస్తాడని చెప్పిన తరువాత నడిచే రావాలి, తల్లి ఇంకా పిలవలేదు అని బండిని వెనక్కి తిప్పించింది. ఆ బెల్లాన్ని తరువాత ఎడ్ల కుడితిలో కలిపేశారు. ఆ వారమంతా ఎడ్లు నన్ను చాలా ప్రేమగా చూశాయి. అమ్మమ్మ ఒక్క మాట అనలేదు. కానీ పండగ వచ్చినా, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఆమె ముఖంలో ఆ తీరని మొక్కు కదిలేది.

మళ్లీ రెండేళ్లకు వేసవి సెలవుల్లో నన్ను ఒక్కణ్ణే తాతయ్య దగ్గరికి పంపారు. బడి తెరిచేలోపు మొక్కు తీర్చాలని అమ్మమ్మ పట్టుబట్టింది. ఆ మధ్య ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. నేను వచ్చిన రాత్రి మా అత్తతో అంటుంటే విన్నాను. "ఈ ఏడంటే పక్కపొంటి నడుస్త. వచ్చే ఏటి సంగతి నా మోకాళ్లకే ఎరుక." నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. అదేమిటో తెలియక దాని మీద నాలుగు బిస్కెట్లు తిన్నాను.

మరునాడు బావి దగ్గర స్నానం చేయిస్తూ తాతయ్య నా నడుము దగ్గర ఆగిపోయాడు. మొలతాడు కనబడటం లేదు. వెతికితే పొట్ట మడతలో దొరికింది, చుట్టూ ఎర్రగా వాత పడి. దాన్ని బ్లేడుతో మెల్లగా కోసి తీసేసి, ఒక కొత్త నల్ల మొలతాడు తెచ్చాడు. ఊపిరి బిగబట్టమని అనలేదు, వదలమన్నాడు. ఒక వేలు మాత్రం దూరేంత వదులుంచి ముడి వేశాడు. తరువాత ఆ ముడి వైపు కొంచెంసేపు చూశాడు. నా పొట్ట గురించి గానీ తిండి గురించి గానీ ఏమీ అనలేదు. మా తాతయ్య మాటల్లో పిసినారి. నవ్వుల్లో కాదు.

అంగడి రోజున బెల్లం వచ్చింది. పెరట్లో వేపకొమ్మకు, మామిడికాయలు తూచే పెద్ద కాంటా వేలాడదీశారు. మా వైపు తూచడాన్ని జోకడం అంటారు. నా విషయంలో అది రెండు భాషల్లోనూ నిజమైంది. నేను ఒకవైపు పలకలో కూర్చోగానే అటు పలక ఆకాశం చూసింది. అమ్మమ్మ ముద్ద మీద ముద్ద పేరుస్తూ పోయింది. నా బంగారం, నా బంగారం అని ఒక పక్క నన్ను పిలుస్తూ, ఇంకో పక్క ఆ బంగారాన్నే పేరుస్తుంటే ఎవరు ఎవరో నాకే తెలియలేదు. చివరికి కాంటా సమంగా నిలిచింది.

అప్పటిదాకా గోడ మీద కూర్చుని కాళ్లు ఊపుతున్న మా మామయ్య కూతురు దూకి వచ్చింది. నాకు మరదలు. ఏడాది చిన్నదే గానీ నా నెత్తి మీదికి జానెడు పొడుగు. ఎండాకాలమంతా మేకల వెంట తిరిగి జొన్న చొప్పలాగా ఉండేది. "తాతా, నన్ను గూడ జోకు!" అని నేను దిగీ దిగకముందే ఎక్కి కూర్చుంది. నేను నవ్వాను. ఈ పుల్ల ఎక్కడ, నా బెల్లం ఎక్కడ! కాంటా కాసేపు ఊగి, సరిగ్గా నాకు నిలిచినచోటే నిలిచింది.

"ఏం బావా, నీ బంగారం నాకు గూడ సరిపాయె!" అంది.

నేను కాంటా చెడిపోయిందన్నాను. కొమ్మ వంగిందన్నాను. అది జేబులో రాళ్లు వేసుకుందన్నాను. గౌనుకు జేబుల్లేవని తిరిగి చూపించింది. నాకు కోపం కంటే ఎక్కువగా అయోమయం. ఇద్దరి తూకం ఒకటే అయితే, అది గోడ దూకుతుంది, నేను గోడ పట్టుకుని మెట్లు దిగుతాను. ఇదెక్కడి న్యాయం? తాతయ్యను అడిగాను. కాంటా కొక్కెం విప్పుతూ, "కాంట అబద్ధమాడదు బిడ్డా. గని దానికి ఒక్కటే ముచ్చట ఎరుక" అన్నాడు. ఆ ఒక్క ముచ్చట ఏమిటో, ఎరుక లేని రెండో ముచ్చట ఏమిటో చెప్పలేదు.

మొక్కు బెల్లాన్ని గోనె సంచిలో కట్టి, పసుపు రాసి, లోపలి గదిలో దూలానికి వేలాడగట్టారు. అది ఎంగిలి కాకూడదు. తెల్లవారేసరికి గడప మీదుగా, గోడ వెంట, ఆ సంచి వైపు చీమల బారు. ఇప్పుడు నా బిస్కెట్ల డబ్బా సంగతి చెప్పాలి. అమ్మ నాతో పంపిన పెద్ద రేకు డబ్బా అది. బిస్కెట్లు, చిప్స్, మిక్చర్, చెక్కలు, మైసూర్ పాక్, ఒక చిన్న బేకరీ అందులో కాపురం పెట్టి ఉంది. తాతయ్య చీమల వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. చాలా విచారంగా తల ఆడించాడు.

"ఇంట్ల చీమలు బట్టినయ్ బిడ్డా. నీ డబ్బ ఖరాబైతది. మామిడి తోటల మంచె మీద పెడ్త. తినబుద్ధైనప్పుడల్ల పోయి తిను. ఎన్ని తిన్నవని ఎవ్వరు అడగరు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా బిస్కెట్ల మీద ఇంత శ్రద్ధ లోకంలో ఇంకెవరికి ఉంటుంది! చీమలు వచ్చింది బెల్లానికి. మూత బిగించిన రేకు డబ్బాలోకి చీమ దూరదు. పోనీ దూరుతుందనుకున్నా, ఆ డబ్బాను అటక మీద పెట్టవచ్చు, పక్కింట్లో పెట్టవచ్చు. ఇవేవీ నాకు తోచలేదు. "అవ్ తాతా, జల్దీ పెట్టు" అన్నాను. ఇదీ నా తెలివి.

మామిడి తోట ఊరికి ఆవల, వాగు దాటాక, సరిగ్గా అడవి మొదలయ్యేచోట ఉండేది. ఎండాకాలం వాగులో నీళ్లుండవు, ఇసుక ఉంటుంది. ఇసుకలో నాలాంటివాడు ఒక అడుగు ముందుకు వేస్తే సగం వెనక్కి పోతుంది. మొదటి రోజు ఒక్క పిడికెడు మిక్చర్ కోసం ఆ ఇసుకంతా దాటి, తోట చేరి, మంచె కింద నిలబడి పైకి చూశాను. కోతుల కాపలా కోసం వేసిన మంచె అది. వెదురు నిచ్చెన. మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం పెద్దవాళ్ల కాళ్లకు తగ్గట్టు ఉంది. రెండో మెట్టు మీద నుంచి కిందికి చూశాను. దిగిపోయాను.

"డబ్బ మూత గట్టిగుంటది, కోతికి రాదన్నడు తాత," అంది మరదలు చెట్టు కొమ్మ మీద నుంచి. "నీకు నిచ్చెనే రాదాయె!"

అప్పటి నుంచి మా మధ్య ఒక ఒప్పందం. అది ఎక్కి తెస్తుంది, నేను తింటాను. పైన మూత తీసినందుకు కొంత, నిచ్చెన దిగినందుకు కొంత, నాకు అందించే ముందు రుచి చూసినందుకు కొంత కూలి పట్టుకునేది. సర్కారు సొమ్ము ఊరికి చేరినట్టు, పైన గుప్పెడుగా బయల్దేరింది కింద నా చేతిలోకి చిటికెడుగా చేరేది. రోజూ పొద్దునా సాయంత్రమూ ఎండ దిగాక ఇంత దూరం నడిచి, దాని దవడలు ఆడుతుంటే చూడటం నా వల్ల కాలేదు. ఒక సాయంత్రం కోపంతో నిచ్చెన పట్టుకుని సగం దాకా ఎక్కేశాను. అక్కడ కోపం అయిపోయింది, భయం మిగిలింది. కింద నిలబడ్డ మరదలు ఒక్కసారి కూడా నవ్వలేదు. "ఎడమ కాలు పైన పెట్టు బావా. కిందికి చూడకు. నీ మైసూర్‌పాక్ దిక్కు చూడు" అని దారి చెప్పింది. చూశాను. ఎక్కాను. మంచె మీద కూర్చుని దాదాపు మొత్తం మైసూర్ పాక్ నేనే తిన్నాను. తరువాత ఎందుకో మిగిలిన సగం ముక్క కిందికి విసిరాను.

ఇక ఆ తోవ నాకు అలవాటైంది. వాగు గట్టున తునికి పండ్లు, కొంచెం లోపలికి పోతే మొర్రి పండ్లు. మొర్రి పండు ఎంత చిన్నదంటే, కడుపు నిండాలంటే పొదలన్నీ తిరగాలి. కోతులు తోటలోకి దిగితే అరుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు. మొదట్లో కోతులు నన్ను చూసి పారిపోయేవి కావు, ఆగి చూసేవి. మే నెల సగమయ్యేసరికి పారిపోవడం మొదలుపెట్టాయి. ఆ గౌరవం నాకు ఏ పరీక్షలోనూ దక్కలేదు. పొద్దుటి తిరుగుడు అయ్యాక ఇంటికి వస్తే ఆకలి వేరేగా ఉండేది. ఖమ్మంలో నాకు నోటికి ఆకలి వేసేది, ఇక్కడ కాళ్లకు వేసేది. మా అత్త వేసిన జొన్న రొట్టె, చింతచిగురు పప్పు, ఉడకబెట్టిన నాటుకోడి గుడ్డు, గిన్నెడు చిక్కటి సల్ల. రొట్టె గట్టిగా ఉందని మొదటి వారం ఏడ్చినవాణ్ణి, తరువాత తరువాత మరదలు పళ్లెంలోకి కూడా తొంగి చూసేవాణ్ణి. తాటి ముంజలు కడుపు నిండా తిన్న ఒక రోజున మంచె ఎక్కి డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేసి దిగివచ్చాను. బిస్కెట్లు మెత్తబడ్డాయి. అయినా పొద్దున లేవగానే బయల్దేరేవాణ్ణి. ఎక్కడికని ఎవరైనా అడిగితే "డబ్బా చూసొస్తా" అనేవాణ్ణి.

తాతయ్య మాత్రం అడిగేవాడు కాదు. వాకిట్లో నులక పేనుతూ కూర్చునేవాడు. నేను ఆయన ముందు నుంచే వెళ్లినా నులక మీద నుంచి కన్ను ఎత్తేవాడు కాదు. నన్ను గమనించడం లేదని నేను ఒకటి రెండుసార్లు నొచ్చుకున్నాను కూడా.

బడి తెరవడానికి ముందు, మొక్కుకు ముందటి సాయంత్రం, పిల్లవాడు మారి ఉంటాడు కదా, మళ్లీ జోకి చూడాలని అమ్మమ్మ బెల్లం సంచి దింపించింది. నేను ఉత్సాహంగా పలక ఎక్కాను. నా లెక్క ప్రకారం నేను గాలిలోకి లేవాలి. ఇంత నడిచాను, ఇంత ఎక్కాను, ఇంత ఉరికాను. బెల్లం తగ్గించవలసి వస్తుందని ముందే మరదలితో పందెం కూడా కాశాను. కాంటా ఊగింది. ఇటు వంగింది, అటు వంగింది. ఎక్కడ ఆగాలో దానికి బాగా గుర్తున్నట్టు, పాతచోటే సమంగా ఆగింది.

"ఏం తగ్గలే బావా!" అంది మరదలు. "ఎండకు నల్లగయినవ్, గంతే."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండేళ్ల కిందటి ఆ నల్ల బండరాయి కళ్ల ముందు నిలబడింది. అదే నేను, అదే బెల్లం, అదే రాయి. మళ్లీ కూలబడతాను, మళ్లీ బండి వెనక్కి తిరుగుతుంది, వచ్చే ఏటికి అమ్మమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. నేను నడవను అన్నాను. పలకలో కూర్చునే వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మమ్మ నన్ను తిట్టలేదు, బుజ్జగించలేదు. బెల్లం ముద్దలు ఒక్కొక్కటే సంచిలోకి తిరిగి పెట్టడం మొదలుపెట్టింది. ఆమె చేతులు చాలా నెమ్మదిగా కదిలాయి. ఆ నెమ్మది నాకు ఇప్పటికీ గుర్తుంది. దెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

తాతయ్య అప్పుడు నులక పక్కన పెట్టాడు. "లే. ఇటు రా" అన్నాడు.

కళ్లు తుడుచుకుంటూ వెళ్లి ముందర నిలబడ్డాను. చొక్కా ఎత్తాడు. మొదటి రోజు తాను కట్టిన మొలతాడులోకి ఒక వేలు పెట్టాడు. తరువాత నాలుగు వేళ్లు పెట్టాడు. తరువాత పిడికిలి మొత్తం దూర్చి, గిలక్కాయ ఊపినట్టు ఊపాడు. నా నిక్కరుకు గుండీ ఊడిపోయి చాలా రోజులైంది. ఆ మొలతాడే దాన్ని మోస్తోంది. తాతయ్య పిడికిలి తీయగానే మొలతాడు నడుము దాటింది. దాన్ని నమ్ముకున్న నిక్కరు కూడా దాని వెంటే బయల్దేరింది. మరదలు రెండు చేతులతో కళ్లు మూసుకుని, వేళ్ల సందుల్లోంచి చూస్తూ గోడ వెనక్కి పరుగెత్తింది. నేను ఏడుపు మరిచిపోయి నిక్కరు పట్టుకున్నాను.

"చూసినవా? కాంటకు ఎంత ఉన్నదో ఎరుక. ఏమున్నదో ఎరుక లేదు," అన్నాడు తాతయ్య. నా పిక్క పట్టుకుని నొక్కాడు, పచ్చి మామిడికాయను నొక్కి చూసినట్టు. "పొట్టకెల్లి పోయింది పోయింది. గీ కాళ్లల్లకు వచ్చింది వచ్చింది. జర పొడుగు గూడ అయినవ్. పోయింది, వచ్చింది సమానమైతే కాంట ఏం జేస్తది పాపం?"

ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. అప్పుడు నాకు మరదలు కాంటా ఎక్కిన రోజు గుర్తొచ్చింది. మా ఇద్దరిలో ఎంత ఉందో ఒకటే, ఏముందో వేరు. అది గోడ దూకడం అన్యాయం కాదన్నమాట. అమ్మమ్మ బెల్లం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే చూస్తోంది. తరువాత తాతయ్యను మొలతాడు మళ్లీ బిగించి కట్టమంది.

తెల్లవారుజామున బయల్దేరాం. సంచి బండి మీద, అందులోంచి తీసిన ఒక ముద్ద పసుపు గుడ్డలో నా నెత్తి మీద. పక్కన అమ్మమ్మ, వెనక బండి తోలుతూ తాతయ్య, ముందు మేకల్లేకపోయినా మేకల వెంట ఉన్నట్టే మరదలు. వాగు ఇసుక నాకు పాత చుట్టం. ఎప్పుడు దాటామో తెలియలేదు. నల్ల బండరాయి దగ్గరికి వచ్చాక నేను దాని వైపు చూడకుండా గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను. మైసూర్ పాక్ వైపు చూసినట్టు పైకే చూస్తూ. కొంచెం దూరం వెళ్లాక పక్కన అమ్మమ్మ లేదు. వెనక్కి తిరిగితే ఆ రాయి మీద కూర్చుని ఉంది.

"నువ్వు పో బిడ్డా. మొక్కు నీ కాళ్లది, నా కాళ్లది గాదు. నేను బండెక్కి వస్త" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆమె నడవాలనుకున్నదని నాకు తెలుసు.

నేను కిందికి దిగాను. ఒక చేత్తో నెత్తి మీది ముద్ద పట్టుకుని, రెండో చేత్తో ఆమె చేయి తీసి నా భుజం మీద వేసుకున్నాను. మొదట ఆ చేయి ఊరికే ఆనింది, పిల్లవాడు బెదురుతాడేమోనన్నట్టు. నాలుగు అడుగులు వేశాక కొంచెం బరువు వదిలింది. ఇంకొన్ని అడుగులకు ఇంకొంచెం. గుట్ట మధ్యకు వచ్చేసరికి మా అమ్మమ్మ నన్ను పూర్తిగా నమ్మింది. భుజం నొప్పి పెట్టింది, కాళ్లు వణికాయి, కానీ నిలబడ్డాయి. వెనక బండి మా కోసం ఎక్కడా ఆగలేదు, దాటి కూడా వెళ్లలేదు. తాతయ్య ఎడ్లను ఎలా అదుపు చేశాడో ఆయనకే తెలియాలి.

గద్దె ముందు బెల్లం దించాక అమ్మమ్మ కొంగు మెడ చుట్టూ వేసుకుని తల్లులతో మాట్లాడింది. మొక్కులు మా అమ్మమ్మ మొక్కేది కాదు, మాట్లాడేది. "తల్లీ, వాడే నడిచి తెచ్చిండు" అంది. నా భుజం పట్టుకుంది. "నన్ను గూడ వాడే తెచ్చిండు" అంది.

సెలవులు అయిపోయి ఖమ్మం బస్టాండులో దిగితే మా అమ్మ నన్ను చూసి గుండె బాదుకుంది. "చిక్కి సగమైపోయాడు నా కొడుకు" అని అక్కడికక్కడే ఒక పఫ్ కొనిచ్చింది. తిన్నాను. అబద్ధమెందుకు, చాలా బాగుంది. బరువు తగ్గలేదమ్మా, కాంటాలో అంతే ఉన్నాను అంటే నమ్మలేదు. ఆ తరువాత కూడా నేను చాలాసార్లు లావయ్యాను, కొన్నిసార్లు తగ్గాను. కానీ ఆ ఏడు నుంచి ఆటో దిగాక బయట పిల్లల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఎవరు ఎక్కడ బరువు చూసే యంత్రం ఎక్కమన్నా ఎక్కుతాను, అది చెప్పింది వింటాను. ఇంటికొచ్చి మొలతాడులో బొటనవేలు పెట్టి చూసుకుంటాను. ఇద్దరూ చెప్పింది కలిపితే నిజం. ఇప్పుడు నా కూతుర్ని చూసి మీ పాప బరువెంత అని ఎవరైనా అడిగితే, జామచెట్టు ఎక్కుతుందండీ అని చెబుతాను. అడిగినవాళ్లు నాకు చెవుడనుకుంటారు.

చీమల సంగతి అర్థమైన ఆ ఆదివారం తరువాత, పెద్దగా ఆలస్యం చేయలేదు. ఆ ఎండాకాలమే తాతయ్య దగ్గరికి వెళ్లాను. ఆయనకు అప్పటికి చక్కెర జబ్బు వచ్చింది. మామయ్య పెద్ద టీవీ కొన్నాడు. నులక పేనిన మనిషి నులక మంచం దిగడం మానేశాడు. దవాఖానావాళ్లు నడవమన్నారని అమ్మమ్మ పోరుతుంటే, "నడిచేదంత నడిచిన. ఇగ టీవీల వాళ్లు నడుస్తరు, నేను చూస్త" అనేవాడట. వయసంతా అడవి తిరిగిన మనిషి పంచె పైన చిన్న కుండ పెట్టుకున్నట్టు కూర్చుని ఉన్నాడు.

మా తాతయ్యకు వక్కల సంచి ప్రాణం. ఆకు, వక్క, సున్నం అన్నీ దాని అరల్లోనే. ఆయన కునుకు తీస్తున్నప్పుడు దాన్ని తీసుకుని తోటకు వెళ్లాను. ఇప్పుడు వాగు మీద వంతెన, తోట దాకా సిమెంటు రోడ్డు. మంచె మాత్రం అక్కడే ఉంది. పైన పెట్టలేదు, అంత క్రూరుణ్ణి కాను. కింద గుంజకు, చేతికి అందేటట్టు తగిలించి వచ్చాను.

లేవగానే సంచి కోసం తడుముకున్నాడు. ఏడ బోయిందిరా అన్నాడు.

"మంచె కాడ పెట్టిన తాతా. ఇంట్ల చీమలు బట్టినయ్" అన్నాను, ఆయన విచారాన్ని ఆయనకే తిరిగి ఇచ్చేస్తూ.

నాకు పదహారేళ్లు పట్టిన ప్రశ్న ఆయనకు ఒక్క గుక్కలో వచ్చేసింది. "వక్కలకు చీమలు పడ్తయారా?"

"పోయి చూసి రాపో" అన్నాను.

అమ్మమ్మ పక్క మంచం మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య గొణుగుతూ చెప్పులు వేసుకుని, కర్ర తీసుకుని వెళ్లాడు. పొద్దు వాలాక నోరు ఎర్రగా పండించుకుని వచ్చాడు. సంచి మాత్రం తేలేదు. ఎందుకు తేలేదని నేను అడగలేదు. మరునాడు సాయంత్రం, ఆ మరునాడు సాయంత్రం కూడా తోటకు వెళ్లాడు.

నేను ఊరికి బయల్దేరే రోజున, ఆయన తోట నుంచి వచ్చి మంచం మీద కూర్చోబోతూ ఒక్క క్షణం ఆగాడు. అటూ ఇటూ చూసి, పంచె ముడి కింద మొలతాడులోకి బొటనవేలు పెట్టి, ఎంత దూరుతుందో చూసుకున్నాడు. నేను వాకిట్లోనే ఉన్నాను. పక్కన నులక ఉండ పడి ఉంటే తీసుకుని, రాకపోయినా పేనుతున్నట్టు తల వంచుకున్నాను. చూడనట్టు ఉండటం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.